వారంలో ఒక రోజు పని ఆపి విశ్రమించడం ఎలా?

నెహెమ్యా గ్రంథం 13వ అధ్యాయంలో చాలామంది గమనించకుండా దాటిపోయే ఒక వివరం ఉంది. విశ్రాంతి దినాన యూదా దేశంలో కొందరు ద్రాక్షగానుగలు తొక్కుతున్నారు, గాడిదల మీద ధాన్యం యెరూషలేముకు వేసుకొస్తున్నారు, తూరు పట్టణపువాళ్లు అక్కడ చేపలు అమ్ముతున్నారు. యూదా అధిపతిగా ఉన్న నెహెమ్యా పెద్దల్ని గద్దించాడు. అంతటితో ఊరుకోలేదు. విశ్రాంతి దినానికి ముందు సాయంత్రం, చీకటి పడుతుండగానే పట్టణపు గుమ్మాలు మూయించాడు. తన మనుషుల్ని కాపలా పెట్టాడు. వర్తకులు ఒకటి రెండుసార్లు గోడ బయటే రాత్రి గడిపారు. మళ్లీ ఇలా చేస్తే పట్టుకుంటానని హెచ్చరించాక రావడం మానేశారు.

విశ్రాంతి కావాలన్న కోరిక మనలో అందరికీ ఉంది. మనకు లేనిది గుమ్మం మూసే వేళ. పని అయ్యాక విశ్రమిస్తాను అనుకునేవాళ్లకు ఆ రోజు రాదు, ఎందుకంటే పని అవ్వదు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: పని మిగిలి ఉండగానే ఆపడం, ఆ మిగిలినదాన్ని ప్రభువు చేతిలో పెట్టి పడుకోవడం.

ఆజ్ఞలో ఏముందో ముందు చూడండి

విశ్రాంతి దినానికి బైబిల్లో వాడిన షబ్బాత్ అనే హెబ్రీ మాట 'ఆగడం' అనే ధాతువు నుంచి వచ్చింది. పది ఆజ్ఞలు బైబిల్లో రెండు చోట్ల కనిపిస్తాయి, విశ్రాంతి దినం గురించిన ఈ ఆజ్ఞకు రెండు చోట్లా కారణం వేరు. నిర్గమకాండము 20లో కారణం సృష్టి: దేవుడు ఆరు దినాలు పనిచేసి ఏడో దినాన విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండము 5లో కారణం ఐగుప్తు (ఈజిప్టు): నువ్వు అక్కడ దాసుడిగా ఉన్నావు, నిన్ను విడిపించి తెచ్చాను. ఐగుప్తు రాజు ఫరోకు ఇటుకల లెక్క అప్పజెప్పాల్సిన దాసుడికి ఆగే హక్కు లేదు. కాబట్టి వారానికో రోజు చేతులు ఆపినప్పుడల్లా 'నేనిప్పుడు ఫరో కింద లేను' అని మనం ఒప్పుకుంటున్నట్టే.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోండి. మనిషి సృష్టింపబడింది ఆరో దినాన. అతను చూసిన మొదటి పూర్తి రోజు విశ్రాంతి దినమే. ఇంకా ఏ పనీ చేయకముందే, ఏదీ సంపాదించకముందే దొరికింది. కష్టపడ్డాం కాబట్టి దక్కిన బహుమతిగా దాన్ని చూస్తే, వారం సరిగ్గా సాగనప్పుడు 'ఈసారి నాకు అర్హత లేదు' అనిపిస్తుంది. సరిగ్గా అలాంటి వారాల్లోనే అది ఎక్కువ అవసరం.

ఏ రోజు, ఎన్ని గంటలు

తొలినాటి విశ్వాసులు ప్రభువు లేచిన ఆదివారాన రొట్టె విరవడానికి కూడుకున్నారు (అపొస్తలుల కార్యములు 20:7). క్రీ.శ. 321లో రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ ఆదివారాన్ని విశ్రాంతి దినంగా శాసనం చేశాడు, పొలం పనులకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. సెవెన్త్ డే అడ్వెంటిస్టుల వంటివారు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం సూర్యాస్తమయం వరకు పాటిస్తారు. దీనిమీద సంఘాల మధ్య వాదం పాతది, ఇక్కడ తేలేది కాదు. రోమా 14:5 ప్రకారం మీ మనస్సులో మీరు రూఢి చేసుకోండి, పక్కవాడికి తీర్పు తీర్చకండి.

రోజును మాత్రం ఒంటరిగా ఎంచుకోకండి. సోవియట్ యూనియన్‌లో 1929లో ఫ్యాక్టరీలు ఒక్కరోజు కూడా ఆగకూడదని వారాన్ని ఐదు రోజులకు మార్చి, ఒక్కొక్కరికి ఒక్కో రోజు సెలవు ఇచ్చారు. భర్తకు ఒక రోజు, భార్యకు ఇంకో రోజు వచ్చేది. సెలవు ఉంది, కలిసి కూర్చునే మనిషి లేడు. చివరికి 1940లో ఏడు రోజుల వారానికే తిరిగి వచ్చారు. కాబట్టి ఇంట్లో అందరికీ కుదిరే రోజు మొదట వెతకండి.

మా సలహా సాయంత్రం 6 నుంచి మర్నాడు సాయంత్రం 6 వరకు. ఆదికాండము మొదటి అధ్యాయం దినాన్ని అస్తమయంతోనే మొదలుపెడుతుంది. ఇందులో ఆచరణకు పనికొచ్చే లాభం కూడా ఉంది: విశ్రాంతి నిద్రతో మొదలవుతుంది. ఉదయం మొదలుపెడితే ముందు రాత్రి పన్నెండు దాకా పని చేసి, అలసటతో లేచి, సగం రోజు తేరుకోవడానికే పోతుంది.

ఇప్పటిదాకా అలవాటు లేనివాళ్లు ఒకేసారి 24 గంటలు పెట్టుకోకండి. మొదటి నాలుగు వారాలు 6 గంటలు, తర్వాతి నాలుగు వారాలు 12 గంటలు, ఆ తర్వాత పూర్తి రోజు. మొదటి వారమే పూర్తి రోజు మొదలుపెడితే కొన్ని వారాల్లోనే వదిలేసే ప్రమాదం ఉంది.

ఏది పని, ఏది కాదు

ఒక కాగితం తీసుకుని, సెలవు రోజున మామూలుగా మీరు చేసేవన్నీ రాయండి. ఒక్కోదానికి మూడు ప్రశ్నలు వేయండి. ఇది ఆగితే ఎవరికైనా హాని జరుగుతుందా? ఒక్క రోజు ఆలస్యమైతే నిజంగా ఏమవుతుంది? ఇది చేశాక నా ప్రాణం సేదదీరుతుందా, ఇంకా బిగుసుకుంటుందా?

మొదటి ప్రశ్నకు 'అవును' అంటే ఆ పని చేయాల్సిందే. రోగికి మందు, పసిబిడ్డకు పాలు, పశువుకు నీళ్లు. విశ్రాంతి దినాన ఎద్దునో గాడిదనో విప్పి నీళ్లకు తోలుకెళ్లరా అని ప్రభువే అడిగాడు, పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీని ఆ దినానే నిలబెట్టాడు (లూకా 13). మూడో ప్రశ్నకు జవాబు మనిషికో రకంగా ఉంటుంది. వారమంతా కుర్చీలో కూర్చునేవాడికి మొక్కలకు పాదులు చేయడం హాయి. వారమంతా మట్టి తవ్వేవాడికి అదే చాకిరీ. మీ జాబితాను ఇంకొకరి నెత్తిన రుద్దకండి.

డబ్బు లెక్కలు మాత్రం అందరూ జాబితాలోంచి కొట్టేయండి. విశ్రాంతి దినం ఎప్పుడు అయిపోతుందా, ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని ఎదురుచూసిన వర్తకుల్ని ఆమోసు 8వ అధ్యాయంలో దేవుడు గద్దిస్తాడు. వాళ్ల అంగడి మూసే ఉంది. బుర్రలో మాత్రం తెరిచే ఉంది.

ముందు మూడు రోజులు

విశ్రాంతి దినం బాగా జరగడం, జరగకపోవడం దాని ముందు రోజుల్లోనే తేలిపోతుంది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఇచ్చిన ఆహారం, మన్నా సంగతి గుర్తుచేసుకోండి: మామూలు రోజున తలకు ఒక ఓమెరు (అప్పటి కొలత), ఆరో రోజున రెండు. మిగతా రోజుల్లో మర్నాటికి దాచుకుంటే పురుగుపట్టి కంపుకొట్టేది, ఆరో రోజు దాచినది పాడవలేదు. ఏడో రోజున కూడా కొందరు ఏరుకోవడానికి వెళ్లారు, వాళ్లకేమీ దొరకలేదు (నిర్గమకాండము 16). ఇచ్చేవాడు దేవుడే, అయినా ఆరో రోజున వంగి రెండింతలు ఏరుకోవాల్సింది మనిషే.

విశ్రాంతి ఆదివారమైతే ఇలా పంచుకోండి. గురువారం: మీతో కలిసి పనిచేసేవాళ్లకు, ఖాతాదారులకు కబురు పెట్టండి. 'శనివారం సాయంత్రం 6 నుంచి ఆదివారం సాయంత్రం 6 వరకు ఫోన్ చూడను. ఆగలేని పనైతే ఈ నంబరుకు కాల్ చేయండి. మిగతావాటికి సోమవారం ఉదయం 9కి జవాబిస్తాను.' ఇంతే చాలు, క్షమాపణలు అక్కర్లేదు. ఇదే కబురు శనివారం సాయంత్రం 5కి పెడితే ఆ గంటలోనే పది పనులు వచ్చి పడతాయి. శుక్రవారం: బట్టలు ఉతకడం, ఇస్త్రీ, సరుకులు, కట్టాల్సిన బిల్లులు. శనివారం: ఇల్లు సర్దడం, రెండు పూటలకు సరిపడా వంట. వండినదాన్ని వెడల్పాటి గిన్నెల్లోకి మార్చి రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు పొగలు కక్కేదాకా వేడిచేసి తినండి. లోతైన గిన్నెలో అలాగే వదిలేస్తే మధ్యలో వేడి తగ్గక పాడవుతుంది.

ఇవన్నీ శనివారం ఒక్కరోజే పెట్టుకుంటే అది వారంలోకెల్లా అలసిపోయే రోజవుతుంది, ఆదివారమంతా దాని నుంచి తేరుకోవడానికే పోతుంది.

గుమ్మం మూసే అరగంట

సాయంత్రం 5:30కి పని ఆపండి. ఎక్కడున్నది అక్కడే. ఒక కాగితం తీసుకుని, మిగిలిన పనులన్నీ రాయండి. 'రిపోర్టు' అని ఒక్క మాట రాస్తే బుర్ర ఊరుకోదు, రాత్రి రెండింటికి లేపి మళ్లీ అడుగుతుంది. ఇలా రాయండి: 'రిపోర్టు. నాలుగో పేజీలో పట్టిక సగంలో ఆగింది. మంగళవారం లోపు ఇవ్వాలి. సోమవారం మొదట చేయాల్సింది, ఖర్చుల అంకెలు తెప్పించుకోవడం.' ఎక్కడ ఆగింది, ఎప్పటికి కావాలి, మళ్లీ ఎక్కడ మొదలు అనే మూడూ ఉంటే మనసు దాన్ని వదిలిపెడుతుంది.

ఆ కాగితం మీద చెయ్యి పెట్టి రెండు నిమిషాలు ప్రార్థన చేయండి. పొడవైన మాటలు వద్దు. 'ప్రభువా, ఇవి నీవి. రేపు వీటిని నువ్వు చూసుకో' అంటే చాలు. కాగితం మడిచి సొరుగులో పెట్టండి. లాప్‌టాప్ మూసి సంచిలో పెట్టి, కంటికి కనబడని చోట ఉంచండి. టేబుల్ మీద మూతపెట్టి వదిలేసిన లాప్‌టాప్ పదినిమిషాల్లో తెరుచుకుంటుంది.

ఫోన్‌లో ఆఫీసు మెయిల్ నుంచి లాగౌట్ అవ్వండి. శబ్దం తగ్గిస్తే సరిపోదు, ఎందుకంటే చెయ్యి అలవాటుగా అక్కడికే పోతుంది. 'డు నాట్ డిస్టర్బ్' పెట్టి, ఐదుగురి నంబర్లకే మినహాయింపు ఇవ్వండి. ఒకే నంబరు నుంచి కొద్ది నిమిషాల్లో రెండోసారి కాల్ వస్తే మోగే ఏర్పాటు చాలా ఫోన్లలో ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే నిజమైన ఆపద తప్పిపోదు. ఆ తర్వాత ఫోన్‌ను పడకగదిలో కాక వేరే గదిలో చార్జింగ్‌కు పెట్టండి.

ఆ రాత్రి, ఆ పగలు

బాగా అలసిపోయినవాళ్లు విశ్రాంతి దినాన్ని గొప్ప ఆత్మీయ కార్యక్రమంతో మొదలుపెట్టాలని చూస్తారు. 1 రాజులు 19 చదవండి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూలబడి 'ఇక చాలు, నా ప్రాణం తీసుకో' అన్నాడు. దూత వచ్చి ప్రసంగం చేయలేదు, గద్దించలేదు. తట్టి లేపాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్లు ఉన్నాయి. తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి తట్టి లేపి, ప్రయాణం నీ శక్తికి మించినది, తిను అన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుని మెల్లని స్వరం వినబడింది ఆ తర్వాతే, నలభై రోజులు నడిచాకే. దేవుడు ఆయనకు చేసిన మొదటి సేవ నిద్ర, తిండి. మీరూ అక్కడే మొదలుపెట్టండి. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర కావాలి. మరీ ఆలస్యంగా లేవకండి: రోజూ లేచే వేళకన్నా గంటకు మించి ఆలస్యమైతే ఆ రాత్రి నిద్ర పట్టదు, సోమవారం పాడవుతుంది.

ఉదయం సంఘంతో ఆరాధన. 92వ కీర్తనకు 'విశ్రాంతి దినమునకు తగిన కీర్తన' అనే శీర్షిక ఉంది. దాన్ని పైకి, మెల్లగా, ఇంట్లో ఒక్కొక్కరు రెండేసి వచనాల చొప్పున చదవండి. ఆ రోజు ప్రార్థనలో విన్నపాల చిట్టా పక్కన పెట్టి, వారంలో జరిగినవాటికి పేరుపేరునా స్తోత్రం చెప్పండి. మధ్యాహ్నం భోజనం తొందరలేకుండా చేయండి. పడుకుంటే 20 నుంచి 30 నిమిషాలు, అదీ 3 గంటల లోపే. తర్వాత నడక, పిల్లలతో ఆట, చాలాకాలంగా చూడని మనిషిని చూసిరావడం. గంటగంటకూ కార్యక్రమం వేసుకోకండి, ఖాళీగా ఉన్న గంటలు ఖాళీగానే ఉండనివ్వండి.

మీ విశ్రాంతిని మోస్తున్నది ఎవరు?

అన్నిటికన్నా ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. ఆజ్ఞను మళ్లీ చదవండి: నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువులు, నీ ఇంట ఉన్న పరదేశి. 'నీవలె నీ దాసుడును దాసియు విశ్రమించాలి' అన్న భావం ద్వితీయోపదేశకాండములో ప్రత్యేకంగా చేర్చబడింది. విశ్రాంతి కింది నుంచి లెక్కించాలన్నమాట, ఇంట్లో ఎక్కువ అలసిపోయే మనిషి నుంచి. భార్య పేరు ఆ జాబితాలో విడిగా లేదు. 'నీవు' అన్న మాట ఇద్దరికీ చెప్పినదిగానే చదవాలి.

ఒక వారం పరీక్షించి చూడండి. వంటింటి గోడకు ఒక కాగితం అంటించి, విశ్రాంతి దినాన ఎవరు ఎన్ని నిమిషాలు అక్కడ నిలబడ్డారో రాయండి. ఆరాధన నుంచి వచ్చి అందరూ కూర్చున్నాక ఒకే మనిషి పేరు పక్కన రెండు మూడు గంటలు కనబడితే, ఆ ఇంట్లో విశ్రాంతి దినం లేదు. ఒక మనిషి పని మీద మిగతావాళ్లకు సెలవు ఉంది, అంతే. సరిచేసే మార్గాలు కష్టం కాదు: ఆ రోజు ఒకే కూర, గిన్నెలు మగవాళ్లూ పిల్లలూ కడగడం, అతిథుల్ని పిలిస్తే తలా ఒకటి వండి తెచ్చుకోవడం. ఇంట్లో పనికి వచ్చే ఆమె ఉంటే ఆ రోజు సెలవు ఇవ్వండి, జీతం కోయకండి. మీ కింద పనిచేసేవాళ్లకు ఆ రోజు మెసేజ్ పంపకండి. 'రేపు చూడు' అని రాసినా వాళ్లు ఈరోజే చూస్తారు.

ఎక్కడ చెడుతుంది

మొదటి రెండు మూడు గంటలు విసుగ్గా, అపరాధభావంతో ఉంటుంది. పరిగెత్తి ఆగినవాడి గుండె వెంటనే నెమ్మదించదు, ఇదీ అంతే. ఆ వేళకు ముందే ఏదైనా చేతిపని, నడక పెట్టుకోండి. ఫోన్ మీదికి చెయ్యి వెళ్లేది అప్పుడే. తలనొప్పి వస్తే కాఫీ మానేశారేమో చూసుకోండి. రోజూ తాగేవాళ్లకు ఆపిన 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. మామూలుగా తాగే వేళకు తాగితే పోతుంది.

సంఘపు పనులు ఇంకో చిక్కు. పాటల బృందం, సండే స్కూల్, కమిటీ, కుర్చీలు సర్దడం అన్నీ ఒకే మనిషి మీద పడతాయి. నాలుగు బాధ్యతలుంటే ఒకటి ఉంచుకోండి, మూడు అప్పగించండి. అప్పగించేటప్పుడు ఒక నెల గడువిచ్చి, పక్కన నిలబడి నేర్పండి. సంఘ కాపరులకు ఆదివారం పని రోజే. దేవాలయంలో యాజకులు విశ్రాంతి దినాన కూడా పనిచేస్తారని ప్రభువే చెప్పాడు (మత్తయి 12:5). కాబట్టి కాపరికి వారంలో వేరే పూర్తి రోజు ఉండాలి, సంఘం ఆ రోజు ఆయనకు ఫోన్ చేయకూడదు. ప్రసంగం చేసి అలసిపోయిన ఆదివారం మధ్యాహ్నాన్ని ఆ లెక్కలో వేయకండి.

నియమాలు పెరిగిపోవడం ఇంకో ప్రమాదం. పిల్లవాడు గట్టిగా నవ్వితే గద్దించే ఇల్లు దారి తప్పింది. విశ్రాంతి దినం మనిషి కోసం ఇచ్చింది (మార్కు 2:27). ఒక నియమం వల్ల ఇంట్లో భయం పెరుగుతుంటే దాన్ని తీసేయండి.

నర్సు, డ్రైవరు, పోలీసు వంటివాళ్లకు రోజు మారుతూ ఉంటుంది. నెల రోస్టరు రాగానే నాలుగు రోజులు గుర్తుపెట్టుకోండి. రాత్రి డ్యూటీ తర్వాత వచ్చే పగలు నిద్రకే పోతుంది, దాన్ని విశ్రాంతి దినంగా లెక్కపెట్టకండి. పసిబిడ్డ తల్లికి 24 గంటలు కుదరదు. వారానికి రెండుసార్లు రెండేసి గంటలు బిడ్డను ఇంకొకరు తీసుకుని, ఆమెను తలుపు వేసుకుని పడుకోనివ్వాలి. ఒక రోజు పనికి పోకపోతే పొయ్యి వెలగని ఇళ్లకు 'విశ్వాసంతో ఆపు' అని చెప్పే హక్కు కడుపు నిండినవాడికి లేదు. నెలకు ఒక్క రోజైనా వాళ్ల ఆ రోజు కూలి సంఘం భరిస్తే అప్పుడు చెప్పవచ్చు.

నాలుగైదు వారాలు సరిగ్గా విశ్రమించినా అలసట తీరకపోతే, లేక రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే డాక్టరును కలవండి. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలో ఊపిరి ఆగడం, డిప్రెషన్ అన్నీ ఇలాగే కనబడతాయి. ఇవి విశ్వాసలోపాలు కావు.

గుమ్మం తెరవడం

సాయంత్రం 6కి కుటుంబమంతా ఒక్క నిమిషం నిలబడి స్తోత్రం చెప్పండి. మెయిల్ మాత్రం సోమవారం ఉదయమే తెరవండి. ఆ రాత్రి తెరిస్తే విశ్రాంతి ఇచ్చిన నిద్ర పోతుంది. సోమవారం పనిలో కూర్చోగానే మొదట సొరుగులోని కాగితం తీయండి, మెయిల్ దాని తర్వాతే. ఒక్కో వరుసా చదివి, ఈలోగా దానంతటదే తీరిపోయినవాటిని, ఇక అక్కర్లేనివాటిని కొట్టేయండి. మిగిలినవాటిలో 'మొదట చేయాల్సింది' అని రాసుకున్నదాన్ని మొదలుపెట్టండి. ఏ వారమైనా తప్పిపోతే తర్వాతి వారం రెండు రోజులు పాటించి సర్దాలని చూడకండి. కాగితం మీద కొత్త తేదీ వేసి, వచ్చే శనివారం 5:30కి గుర్తుచేసేలా ఇప్పుడే పెట్టుకోండి.